అంబాసిడర్ ‘స్లో’ – ఒక చిన్న చరిత్ర



మా నాన్నగారి 1984 నాటి అంబాసిడర్ కారు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. 2024 వేసవిలో ఒక ఉదయం దానిని బయటికి తీస్తున్నాను. అమ్మ గేటు తలుపు పట్టుకొని నిలబడి ఉంది. మొదటి గేరు వేసి, క్లచ్ మెల్లగా వదులుతున్నాననే అనుకున్నాను. యాక్సిలరేటర్ మీద కాలు కూడా పెట్టలేదు. బండి ఒక్కసారిగా అడుగున్నర ముందుకు దూకింది. బ్రేకు తొక్కాను కాబట్టి సరిపోయింది. అమ్మ ఏమీ అనలేదు, గేటు వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మౌనం నన్ను ఇప్పటికీ వదలలేదు.

కారణం నాకు తెలియనిది కాదు. ఇంజను ‘స్లో’ ఎక్కువగా ఉంది. కాలు పెట్టకుండా వదిలేసినప్పుడు ఇంజను తనంత తాను తిరిగే వేగాన్ని ఇంగ్లీషు పుస్తకాలు ఐడ్లింగ్ అంటాయి, మా మెకానిక్కులు స్లో అంటారు. ఇలాంటి బండికి అది నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు ఉంటే చాలు. మా బండి పదహారు వందలకు తక్కువ కాకుండా తిరుగుతోంది. తాళం తీసినా వెంటనే ఆగదు, దగ్గు వచ్చినవాడిలా నాలుగుసార్లు ఎగిరెగిరి ఆగుతుంది.

పదిహేనేళ్ళు దాటిన సొంత కార్ల రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. మా బండికి ఆ గడువు ఆ ఏడాదే వచ్చింది. పొగ పరీక్షకు తీసుకువెళితే కార్బన్ మోనాక్సైడు అయిదు శాతం పైన చూపించింది. ఆ కాలపు కార్లకు అనుమతించిన హద్దు మూడు శాతం. “అన్నయ్యా, ఇక తుక్కుకు ఇచ్చేద్దాం, అమ్మ కాళ్ళ మీదికి ఎక్కించేదాకా ఉంచుతావా?” అన్నాడు తమ్ముడు. వాడి మాటలో న్యాయం ఉంది. నెల రోజులు గడువు అడిగాను.

ఆ నెల రోజుల్లో నేను నేర్చుకున్నది ఒక స్క్రూ గురించే. కాని ఆ స్క్రూ వెనక నూట ముప్ఫయ్యేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. దానిని మీతో పంచుకోవడానికే ఈ టపా.

* * *

ఆగి ఉన్న బండిలో ఇంజను ఎందుకు తిరుగుతూ ఉండాలి? ఈ ప్రశ్న ఆవిరి యంత్రాల కాలంలో ఎవరికీ రాలేదు. ఆవిరి యంత్రం పూర్తిగా ఆగి ఉన్న స్థితి నుంచి కూడా బరువును లాగగలదు. కవాటం తెరిస్తే కదులుతుంది, మూస్తే ఆగుతుంది. దాని సమస్య వేరు, బరువు తగ్గినప్పుడు అదుపు తప్పి వేగం అందుకోవడం. 1788లో జేమ్స్ వాట్ తన యంత్రాలకు అమర్చిన గవర్నరు, అంటే గిరగిర తిరుగుతూ వేగాన్ని బట్టి ఎడంగా జరిగే రెండు ఇనుప గుండ్లు, దానికి పరిష్కారం. వేగం పెరిగితే గుండ్లు దూరం జరిగి ఆవిరి కవాటాన్ని మూస్తాయి.

1876లో నికొలాస్ ఆటో రూపొందించిన నాలుగు దశల ఇంజను స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముందు గాలిని, ఇంధనాన్ని పీల్చాలి, నొక్కాలి, ఆ తరువాతే మండించాలి. అంటే తిరుగుతూ ఉన్న ఇంజనే తిరగగలదు. ఆగిన ఇంజనును బయటివాడెవడో తిప్పాలి. కాబట్టి బండి ఆగినప్పుడు చక్రాలను ఇంజను నుంచి విడదీసి, ఇంజనును మాత్రం ఊరికే తిరగనివ్వవలసి వచ్చింది. స్లో అనేది అక్కడ పుట్టింది.

తొలి కార్లలో ఆ వేగం చోదకుడి చేతిలో లేదు. 1890ల నాటి డైమ్లర్ తరహా ఇంజన్లలో వాట్ గుండ్ల వంటి గవర్నరే ఉండేది. వేగం హద్దు దాటితే అది పొగ బయటికి పోయే కవాటాన్ని తెరుచుకోనివ్వదు. పాత పొగ లోపలే ఉండిపోవడం వల్ల కొత్త మిశ్రమం చొరబడదు, ఒకటి రెండు పేలుళ్ళు తప్పిపోతాయి, వేగం పడిపోతుంది. ఆ కాలపు కొన్ని కార్లలో యాక్సిలరేటర్ అనే మీట చేసిన పని ఇంజనుకు పెట్రోలు పెంచడం కాదు, గవర్నరు చేతిని కాసేపు పక్కకు తప్పించడం! ఈ సంగతి చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. ఆ పేరు మాత్రం మిగిలిపోయి, పని మారిపోయింది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారులో స్టీరింగు చక్రం కింద అటూ ఇటూ రెండు మీటలు ఉండేవి. ఒకటి గాలి తలుపును తెరిచేది, రెండవది ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయాన్ని ముందుకూ వెనక్కూ జరిపేది. కారు ఆగినప్పుడు ఇంజను ఎంత వేగంతో తిరగాలో ఈ రెండింటితో చోదకుడే చెవితో విని సరిచేసుకునేవాడు. ఈ రెండవ మీట సంగతి గుర్తుంచుకోండి, మా బండి కథలో మళ్ళీ వస్తుంది.

* * *

ఇక పెట్రోలు సంగతి. 1886 నాటి కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో పెట్రోలు ఉపరితలం మీదుగా గాలి పోతూ ఆవిరిని వెంట తీసుకుపోయేది. 1893 ప్రాంతంలో విల్హెల్మ్ మైబాఖ్ జర్మనీలోను, దోనాత్ బాంకి, యానోష్ చోంకా అనే ఇద్దరు హంగరీలోను సన్నని రంధ్రం గుండా పెట్రోలును తుంపరగా చిమ్మే పద్ధతిని విడివిడిగా సాధించారు. గాలి ఇరుకైన గొంతు గుండా పరుగెత్తేటప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది, ఆ పీల్పుకు జెట్టులోని పెట్రోలు పైకి లేచి గాలిలో కలుస్తుంది. కార్బ్యురేటర్ సారాంశం ఇంతే.

ఇందులో ఒక చిక్కు ఉంది. గొంతులో గాలి వేగంగా పోతేనే పీల్పు. కాలు తీసేసినప్పుడు గాలి తలుపు, అదే మెకానిక్కుల బటర్‌ఫ్లై, దాదాపు మూసుకుపోతుంది. గొంతులో గాలి నత్తనడక నడుస్తుంది. ప్రధాన జెట్టు నుంచి చుక్క కూడా లేవదు. కాని అదే సమయంలో, మూసిన తలుపుకు దిగువన, ఇంజను వైపు, పీల్పు అత్యధికంగా ఉంటుంది. కాబట్టి పెట్రోలుకు ఒక దొడ్డిదారి వేశారు. వేరే ఒక చిన్న స్లో జెట్టు, దానిలో కాస్త గాలి కలిపి, తలుపు అంచుకు దిగువన చిన్న రంధ్రంలోంచి వదలడం. ఫ్రాన్సులో గూదార్, మెనెసోన్ స్థాపించిన సోలెక్స్ సంస్థ కార్బ్యురేటర్లు ఈ దారినే నడిచాయి. 1905లో ఇంగ్లండులో స్కిన్నర్ సోదరుల ఆలోచన నుంచి వచ్చిన ఎస్.యు. కార్బ్యురేటర్ మరో దారి పట్టింది. అందులో గొంతే గాలిని బట్టి ఇరుకవుతూ వెడల్పవుతూ ఉంటుంది కాబట్టి ఒకే జెట్టు అన్నింటికీ సరిపోతుంది.

మా బండిలో ఉన్నది సోలెక్స్. దానిని సరిచేసే స్క్రూలు రెండు. ఒకటి గాలి తలుపు పూర్తిగా మూసుకోకుండా ఆపే స్క్రూ, దానిని బిగిస్తే వేగం పెరుగుతుంది. రెండవది స్లో రంధ్రంలోంచి వచ్చే మిశ్రమాన్ని తగ్గించి పెంచే స్క్రూ. తలుపు అంచుకు సరిగ్గా పైన మరి కొన్ని చిన్న రంధ్రాలుంటాయి. కాలు మెల్లగా నొక్కినప్పుడు స్లో నుంచి ప్రధాన జెట్టుకు మారే దశలో ఇంజను తడబడకుండా పెట్రోలు ఇవ్వడం వాటి పని. మొదటి స్క్రూను అవసరానికి మించి బిగిస్తే తలుపు అంచు ఈ రంధ్రాలను దాటి తెరుచుకుంటుంది, అప్పుడు పెట్రోలు వాటిలోంచి కూడా ధారాళంగా వస్తుంది, మిశ్రమం స్క్రూను ఎటు తిప్పినా ఇంజను పట్టించుకోదు. నేను సొంత తెలివితో గంటసేపు తిప్పి చూసిన స్క్రూ అదే. అది మాట వినడం లేదంటే లోపం దానిలో లేదు, మరెక్కడో ఉంది.

* * *

బెజవాడ ఆటోనగరులో పాత పెట్రోలు బండ్లు చూసే ఒక పెద్ద మేస్త్రి గారి దగ్గరకు తీసుకువెళ్ళాను. స్క్రూడ్రైవర్ తీస్తారనుకున్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకొని, “ఇది వరకు ఎవరెవరు ఏం చేశారు బాబూ?” అని అడిగారు.

అదృష్టవశాత్తు ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉంది. నాన్నగారు బండికి ఒక లెక్కల పుస్తకం పెట్టారు. తేదీ, మీటరు అంకె, ఖర్చు, చేసిన పని, ఒక్కొక్కటి ఒక్కో వాక్యంలో. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని చదివాం. స్లోకు సంబంధించిన పద్దులు నాలుగే దొరికాయి.

1996 నవంబరు: కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేశారు, ప్యాకింగ్ కొత్తది. 1997 జనవరి: సిగ్నలు దగ్గర ఆగిపోతోంది, స్లో పెంచారు. 2001 డిసెంబరు: పొద్దున వణుకు, చోక్ వైరు బిగించారు. 2008 జూన్: లాగుడు తక్కువ, డెల్కో కొంచెం తిప్పారు. చివరగా 2013లో ఒక వాక్యం, అది పద్దు కాదు, ఫిర్యాదు: తాళం తీసినా ఇంజను తిరుగుతోంది, గేరులో పెట్టి ఆపవలసి వస్తోంది.

డెల్కో అంటే తెలియనివారికి: నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరును మన మెకానిక్కులు పిలిచే పేరు. ఒక అమెరికన్ కంపెనీ పేరు మన దేశంలో వస్తువు పేరుగా స్థిరపడిపోయింది.

మేస్త్రి గారు పుస్తకాన్ని చివర నుంచి మొదటికి చదివారు. మరునాడు మరమ్మతు కూడా ఆ వరుసలోనే చేశారు. ముందు యాక్సిలరేటర్ లింకు విప్పి, గాలి తలుపు దానంతట అది వెనక్కి వస్తోందా, స్ప్రింగు లాగుతోందా చూశారు. అక్కడ లోపం లేదు. తరువాత డెల్కో. టైమింగ్ లైటు పెట్టి చూస్తే నిప్పురవ్వ పడవలసిన దానికంటే బాగా ముందే పడుతోంది. నిప్పు ముందుగా పడితే, స్లోలో ఇంజను మరింత వేగంగా తిరుగుతుంది. మోడల్ టి చోదకుడు మీటతో చేసిన పనే ఇది. దానిని సరైన చోటికి తెచ్చేసరికి వేగం పదమూడు వందలకు దిగింది, కాని ఇంజను వణకడం మొదలుపెట్టింది.

తరువాత చోక్. సోలెక్స్ కార్బ్యురేటర్లలో చాలావాటికి గొంతును మూసే చోక్ ఉండదు. పక్కనే ఒక బుల్లి కార్బ్యురేటర్ వంటిది ఉండి, చల్లని ఇంజనుకు చిక్కని మిశ్రమాన్ని గాలి తలుపుకు దిగువన నేరుగా అందిస్తుంది. దాని వైరు గట్టిగా బిగించి ఉండడం వల్ల, డాష్‌బోర్డు మీద మీట పూర్తిగా లోపలికి నెట్టినా, అక్కడ మాత్రం అది కాస్త తెరుచుకొనే ఉంది. 2001 నుంచి మా బండి ఎండాకాలంలో కూడా కొంచెం చోక్ వేసుకొనే తిరిగిందన్నమాట! పొగ పరీక్షలో అయిదు శాతం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. వైరు వదులు చేయగానే వేగం వెయ్యికి వచ్చింది, వణుకు రెట్టింపయింది. మూడవది, గాలి తలుపు స్క్రూ. దానిని వెనక్కి తిప్పగానే ఇంజను ఆగిపోయింది.

“ఇప్పుడు మనం తొంభై ఏడు జనవరికి వచ్చాం బాబూ,” అన్నారు మేస్త్రి గారు.

అంటే ఆ మూడు సవరణలూ తప్పులు కావు. ఆ రోజు ఎదురుగా కనిపించిన బాధకు ఆ రోజు దొరికిన ఉపశమనాలు. వాటన్నింటి కింద కప్పబడిపోయిన అసలు జబ్బు 1996 నవంబరులో ఉంది. మేస్త్రి గారు ఇంజనును మళ్ళీ కాస్త వేగం మీద నిలిపి, కుంచెతో కొంచెం ఇంజనాయిలు తీసుకొని, కార్బ్యురేటర్ అడుగు మ్యానిఫోల్డు మీద కూర్చునే అతుకు వెంబడి పూశారు. ఒక చోట ఆయిలు లోపలికి పీల్చుకుపోయింది. ఆ క్షణం ఇంజను ధ్వని మారి స్థిరపడింది, మళ్ళీ మామూలే. లెక్కలో లేని గాలి అక్కడి నుంచి చొరబడుతోంది. కొందరు ఇలాంటి చోట పెట్రోలు చల్లి చూస్తారు. వేడి ఇంజను మీద, నిప్పురవ్వల పక్కన ఆ పని చేయవద్దని మేస్త్రి గారు గట్టిగా చెప్పారు, నేనూ మీకు అదే చెబుతున్నాను.

కార్బ్యురేటర్ విప్పి, అద్దం పలక మీద పెట్టి చూస్తే చెవుల దగ్గర ఆనుకుంది, మధ్యలో వెలుతురు కనిపించింది. కొత్త ప్యాకింగ్ వేసిన చేయి ఎవరిదోగాని, గాలి పోకూడదన్న జాగ్రత్తతోనే నట్లను అతిగా బిగించి ఉంటుంది. మెత్తని మిశ్రమలోహం వంగిపోయి, ఏ గాలి పోకూడదనుకున్నారో దానికే దారి ఇచ్చింది. గాలి ఎక్కువై మిశ్రమం పలచబడింది, స్లోలో ఇంజను ఆగిపోసాగింది. మిగిలిన ఇరవై ఎనిమిదేళ్ళ కథ మీకు తెలిసినదే.

అద్దం మీద గరుకు కాగితం పరిచి, అడుగుభాగాన్ని సమతలమయ్యేదాకా రుద్దారు. గాలి తలుపు ఇరుసు అరిగి కాస్త ఆడుతోంది, దానికి లేతు మీద బుష్షు వేయించారు. కొత్త ప్యాకింగ్ వేసి నట్లను ఒకదాని తరువాత ఒకటి, కొద్దికొద్దిగా బిగించారు. అప్పుడు, అన్నింటికంటే చివర, స్క్రూడ్రైవర్ బయటికి వచ్చింది. మిశ్రమం స్క్రూను మెల్లగా ఆనేదాకా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, ఇంజను వేడెక్కాక రెండు స్క్రూలనూ మార్చి మార్చి సరిచేశారు. ఈసారి మిశ్రమం స్క్రూ పావు చుట్టుకే జవాబు చెప్పింది. నిమిషానికి 750 చుట్లు. తాళం తీయగానే ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దం చాలా ఏళ్ళ తరువాత విన్నాను.

* * *

తాళం తీసినా ఇంజను తిరగడం గురించి ఒక మాట. ఇది మా ఒక్క బండి జబ్బు కాదు. 1968 నుంచి అమెరికాలో పొగ నిబంధనలు దేశమంతటా అమలులోకి వచ్చినప్పుడు, అక్కడి తయారీదారులు మిశ్రమాన్ని పలచబరిచి, స్లోలో నిప్పును ఆలస్యం చేసి, అలా నీరసించిన ఇంజను ఆగిపోకుండా స్లో వేగాన్ని కావాలనే పెంచారు. వేగం కోసం గాలి తలుపు ఎక్కువ తెరిచి ఉంచారు కాబట్టి, తాళం తీసినా లోపలి వేడికే మిశ్రమం అంటుకొని ఇంజను తిరిగేది. దానికి విరుగుడుగా, తాళం తీయగానే గాలి తలుపును పూర్తిగా మూసే, లేదా స్లో పెట్రోలును ఆపే విద్యుత్ పరికరాలు వచ్చాయి. ఒక సవరణ మరొక సవరణను కోరడం అన్నది పెద్ద పెద్ద కర్మాగారాలలో కూడా జరిగిన పనే.

చివరకు ఆ స్క్రూ చోదకుడి చేతిలోంచీ మెకానిక్కు చేతిలోంచీ జారిపోయింది. 1967లో బాష్ వారి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఫోక్స్‌వాగన్ 1600 కారులో వచ్చింది. 1976లో వోల్వో కార్లలో పొగలోని ఆక్సిజన్‌ను కొలిచి మిశ్రమాన్ని దిద్దుకునే సెన్సరు వచ్చింది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాలలో కొత్త కార్లకు కెటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి కావడం, 2000లో పొగ నిబంధనలు బిగియడం వల్ల కార్బ్యురేటర్ క్రమంగా కొత్త కార్ల నుంచి తప్పుకుంది. 2014 మే నెలలో ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది.

కొత్త బండ్లలో స్లో వేగాన్ని కంప్యూటరు చూసుకుంటుంది. దొంగగాలి చొరబడితే వాటిలోనూ స్లో పెరగవచ్చు, కాని కంప్యూటరు ఎంత సవరించిందో అంకెల్లో రాసి ఉంచుతుంది. పాత బండికి ఆ జ్ఞాపకం లేదు. అది తెలుసుకోలేని మార్పులు కూడా వస్తూనే ఉంటాయి. మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. స్వచ్ఛమైన పెట్రోలు ఒక పాలు మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 చాలు. అంటే పాత జెట్టుతో మిశ్రమం మళ్ళీ పలచబడుతుంది, స్లో మళ్ళీ తడబడుతుంది, ఎవరో మళ్ళీ స్క్రూ తిప్పుతారు. మేస్త్రి గారు మిశ్రమం స్క్రూను ఇంకొక పావు చుట్టు తెరిచి, పంపులోని రబ్బరు పొరను, పెట్రోలు గొట్టాలను మార్పించారు.

బండి పొగ పరీక్షలో నెగ్గింది. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ అయింది. తమ్ముడు మాట మార్చకపోయినా, ఇప్పుడు బండి అడుగుతున్నాడు. అమ్మ మొదటివారం వెనక సీటులో కూర్చుంది, రెండవవారం ముందుకు వచ్చింది.

చెప్పవచ్చేదేమిటంటే, పాత బండిలో స్లో పెరిగితే ఎదురుగా కనిపించే స్క్రూను చివరి దాకా ముట్టుకోకండి. దానిని తిప్పితే జబ్బు పోదు, జాడ పోతుంది. చివరి సవరణ నుంచి వెనక్కి నడవండి. నాన్నగారి పుస్తకం లేకపోతే మాకు అది సాధ్యమయ్యేది కాదు. అయితే ఆయన ఏం చేశారో రాశారు, ఎందుకన్నది ఒక్కోసారి రెండు మాటల్లో మాత్రమే రాశారు. ఆ రెండు మాటలే మమ్మల్ని గట్టెక్కించాయి. “సిగ్నలు దగ్గర ఆగిపోతోంది” అన్న ముక్క లేకపోతే 1997 నాటి పద్దుకు అర్థమే లేదు.

అదే పుస్తకంలో, ఆయన చివరి పద్దు కింద ఒక గీత వదిలి, తేదీ, మీటరు అంకె వేసి, ఏ స్క్రూ ఎంత తిప్పామో, ఎందుకు తిప్పామో నాలుగు వాక్యాల్లో రాశాను. నా దస్తూరీ ఆయనంత బాగుండదు. చదివేవాడికి అర్థమైతే చాలు.